పలక మీద పేరు

అమీర్‌పేటలో కోర్సు అయిపోయి మూడు నెలలైంది. రెజ్యూమె పంపిన చోట్ల చాలావాటి నుంచి జవాబే లేదు. అప్లికేషన్ ఫారాల్లో మాత్రం ఒక గడి పదే పదే కనిపించేది: పోర్ట్‌ఫోలియో లింక్. తప్పనిసరి కాదని పక్కన రాసి ఉండేది. అలా రాసిన గడిని ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో ఉద్యోగం వెతికే వాళ్ళందరికీ తెలుసు.

సరే, నేనూ ఒక సైట్ కట్టుకుందామని కూచున్నా. ఉచితంగా దొరికే టెంప్లేట్ ఒకటి దించుకున్నా. పైన ఫోటో, కింద పేరు, ఆ కింద ‘కోడింగ్ అంటే ప్రాణం’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. అది టెంప్లేట్‌తో పాటే వచ్చింది. తర్వాత మూడు ప్రాజెక్టులు: ఒక షాపింగ్ సైట్ నకలు, వాతావరణం చూపించే యాప్, చేయాల్సిన పనుల లిస్టు. హాస్టల్ గదిలో నలుగురం ఉంటే ముగ్గురి సైట్లలోనూ ఇవే మూడు. ఒకే యూట్యూబ్ వీడియో చూసి చేశాం. నాది నీలం, వాళ్ళవి ఆకుపచ్చ, నారింజ. అంతే తేడా.

ఆ రాత్రి మార్కాపురం నుంచి నాన్న ఫోన్ చేశాడు.

“ఇంకా నిద్రపోలేదామ్మా? ఏం చేస్తున్నావు?”

“వెబ్‌సైట్ కడుతున్నా నాన్నా. నా పేరు మీద. నేను చేసిన పనులన్నీ అందులో పెడితే ఉద్యోగాలిచ్చేవాళ్ళు చూస్తారు.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వాడు. “మేం ఇన్ని పలకలు చేశాం గదమ్మా, ఒక్కదాని మీదన్నా మా పేరు యాడుంది? కొనుక్కున్న పిల్లోడు రాసుకునేవాడు.”

ఆయన సరదాకే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పని చేసినవాడి పేరు పని మీద ఉండటం అనేది ఎప్పుడు మొదలైంది? మన దగ్గర ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు? ఉద్యోగం కోసం సైట్ కట్టడం మొదలుపెట్టి చరిత్రలో పడ్డాను.

*

మా ఊరి సంగతి ముందు చెప్పాలి. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు నేల కింద ఉన్నది కడప బేసిన్ రాయి. అందులో ఒక భాగానికి భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం పేరే పెట్టారు, కంభం ఫార్మేషన్ అని. ఎప్పటిదో బురద పొరలు పొరలుగా పేరుకుని, ఒత్తిడికీ వేడికీ గట్టిపడి పలకరాయి అయింది. దాని గుణమేంటంటే, సన్నటి ఉలి సరైన చోట పెట్టి నెమ్మదిగా కొడితే పుస్తకంలో కాగితాల్లా విడిపోతుంది. ఆ ‘సరైన చోటు’ ఎక్కడో తెలియడమే పనితనం. అలా విడదీసిన రాతిని కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లల పలక. దేశంలో ఎక్కడెక్కడి పిల్లలో మా ఊరి రాతి మీద అక్షరాలు దిద్దారు.

ఈ కథలో చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉండే భాగం కూడా ఉంది. 1987లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానం తెచ్చింది. 1988 నుంచి బాలకార్మికులు ఎక్కువగా ఉన్న పరిశ్రమలను ఎంచుకుని ప్రత్యేక ప్రాజెక్టులు మొదలుపెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, మీర్జాపూర్ తివాచీలు ఉన్న ఆ మొదటి జాబితాలో పలకల పరిశ్రమ కింద రెండు పేర్లున్నాయి: మధ్యప్రదేశ్‌లో మంద్‌సౌర్, మన దగ్గర మార్కాపురం. వేరే పిల్లలు బడికి పోవడానికి కావలసిన పలకలను బడికి పోని పిల్లలు చేశారన్నమాట. మా నాన్న వాళ్ళలో ఒకడు. నాలుగో తరగతి దాకా చదివి, పదకొండేళ్ళకు ఫ్యాక్టరీలో చేరాడు. ఆయన సొంత పలక మీద రాసిన రోజులకంటే ఇతరుల పలకలు కోసిన రోజులే ఎక్కువ.

ఆ తర్వాత ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. నోటు పుస్తకాలు ఒకటో తరగతికే వచ్చాయి. రాతి పలకకు గిరాకీ పడిపోయింది. చాలా యూనిట్లు నేలకు పరిచే రాళ్ళు, గోడలకు అంటించే రంగురాళ్ళ వైపు మళ్ళాయి. అవి విదేశాలకు కూడా పోతాయి. నాన్న పనిచేసే చోటు మూతపడినప్పుడు ఇంకో యూనిట్‌కి వెళ్ళి పని అడిగాడు. “ఇంతకుముందు ఏం చేశావు?” అన్నారట. ఇరవై ఏళ్ళు చేసిన పనికి చూపించడానికి ఒక్క కాగితం లేదు. రెండు చేతులూ ముందుకు చాపి అరచేతులు చూపించాడు. పని ఇచ్చారు.

మా ఇంట్లో మొదటి పోర్ట్‌ఫోలియో అదే.

*

పని చూపించి కొలువు సంపాదించడం మన సాహిత్యానికి కొత్త విషయం కాదు. తిరుపతి వెంకట కవులనే తీసుకోండి. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి ఊరూరా తిరిగి శతావధానాలు చేశారు. అవధానం ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అక్కడికక్కడే పెట్టే పరీక్ష. అడిగేవాళ్ళు చుట్టూ కూచుంటారు, సభంతా చూస్తుంటుంది, చేతిలో కాగితం ఉండదు. సంస్థానాలకు వెళ్ళినప్పుడు చెప్పిన పద్యాలను వాళ్ళు పోగొట్టుకోలేదు. ‘నానారాజ సందర్శనము’ పేరుతో పుస్తకంగా వేసుకున్నారు. ఎక్కడికి వెళ్ళాం, ఎవరి ముందు ఏం చెప్పాం అన్నది అందులో ఉంటుంది. ఇంతకంటే పక్కా పోర్ట్‌ఫోలియో ఏముంటుంది? తర్వాత తిరుపతిశాస్త్రి పోలవరం జమీందారు ఆస్థానంలో, వెంకటశాస్త్రి బందరు హైస్కూల్లో తెలుగు పండితుడుగా కుదురుకున్నారు.

కాకపోతే ఆ సభలోకి అడుగు పెట్టాలంటే ముందు సంస్కృతం రావాలి, గురువు ఉండాలి, పుట్టిన కులం కూడా కలిసి రావాలి. ప్రతిభ చూపించుకునే అవకాశమే ఒక ఆస్తి. అందరికీ ఉండేది కాదు.

ఆ చదువూ కులమూ రెండూ ఉండి, పనీ బోలెడు ఉండి, అయినా కొలువు దొరకనివాడి కథ ఇంకొకటి ఉంది. నన్ను ఎక్కువ పట్టుకున్నది అదే. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో మా ప్రాంతం కూడా ఉంది. ఆ మండలాలను సర్వే చేయించినవాడు కాలిన్ మెకంజీ. ఊరూరా కరణాల దగ్గర, గుళ్ళ దగ్గర కైఫియత్తులు, శాసనాలు సేకరించిన పెద్ద పని ఆయన పేరు మీద ఉంది. కానీ మెకంజీకి ఇక్కడి భాషలు రావు. ఆ పని నడిపించింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. పెద్దవాడు బోరయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోయాడు. తనకు దారి చూపింది బోరయ్యేనని మెకంజీ స్వయంగా రాశాడు. తర్వాత ఆ బాధ్యత తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది. ఏళ్ళ తరబడి సేకరించేవాళ్ళను ఊళ్ళకు పంపడం, వాళ్ళు రాసి పంపినవి చదివి సరిచూడటం, అనువాదం చేయించడం అంతా ఆయన చేతుల మీదుగా జరిగింది.

1821లో మెకంజీ చనిపోయాడు. సగంలో ఆగిన ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. 1830ల్లో ఆ విజ్ఞప్తి కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. అప్పుడు కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్, బ్రాహ్మీ లిపిని చదివిన ప్రిన్సెప్పే. ఆయన అభిప్రాయం సారాంశం ఇది: ఇంత పెద్ద పనికి విషయాలను కూడగట్టి సిద్ధాంతం చేయగల బుర్ర కావాలి, లక్ష్మయ్య సహాయకుడిగా పనికొస్తాడేమో కానీ అధిపతిగా సరిపోడు. పని రెవరెండ్ విలియం టేలర్‌కి వెళ్ళింది.

అంతకాలం చేసిన పని కళ్ళముందే గుట్టలుగా ఉంది. కానీ ఆ గుట్ట మీద రాసి ఉన్న పేరు మెకంజీది. లక్ష్మయ్య చేసినదంతా ‘మెకంజీ కలెక్షన్’ అయిపోయింది, ఈ రోజుకీ అదే పేరు. ఆ కుటుంబంలోనే ఇంకో సోదరుడు రామస్వామి వేరే దారి పట్టాడు. 1829లో కలకత్తాలో దక్కన్ కవుల జీవిత విశేషాలను ఇంగ్లీషులో తన పేరుతో పుస్తకంగా వేశాడు. అందులో అన్న బోరయ్య గురించి కూడా రాశాడు. రామస్వామి అట్ట మీద పేరు వేసుకున్నాడు కాబట్టి బోరయ్య మనకు కనిపిస్తున్నాడు.

లక్ష్మయ్య కథ నాకు రెండు విషయాలు చెప్పింది. పని ఎంత ఉన్నా, దాని మీద పేరు లేకపోతే అది ఇంకొకరి ఖాతాలో పడుతుంది. పేరు ఉన్నా సరే, చూసేవాడు ముందే నిర్ణయించుకుని ఉంటే తలుపు తెరుచుకోదు. రెండోది మర్చిపోయి మొదటిదే చెబితే అది మోటివేషన్ స్పీచ్ అవుతుంది.

*

ఇక మామూలు జనం ఉద్యోగాలు ఎలా వెతుక్కున్నారు? కంపెనీ రోజుల్లో దొరల దగ్గర పనిచేసిన బట్లరు, వంటవాడు, గుమస్తా అందరూ చిట్టీలు దాచుకునేవాళ్ళు. ‘ఇతను నా దగ్గర ఇన్నేళ్ళు నమ్మకంగా చేశాడు’ అని పాత దొర రాసిచ్చిన కాగితం. ఇంగ్లీషువాళ్ళ ‘చిట్’ అనే మాట ఇక్కడి చిట్టీ నుంచి పోయినదే. అందులో పని కనిపించదు, పని గురించి దొర మాట కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1945లో, సైన్యం నుంచి వెనక్కి వచ్చినవాళ్ళ కోసం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజీలు పెట్టారు. 1948లో అందరికీ తెరిచారు. ఖాళీలను ఎక్స్చేంజీకి తప్పనిసరిగా తెలపాలని 1959లో చట్టం చేశారు. మా పెదనాన్న కార్డు ఇప్పటికీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంది. మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకున్న ముద్రలున్నాయి. ఇంటర్వ్యూ కాగితం ఒక్కటి కూడా రాలేదు. టైపు లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యాడు. ఆ సర్టిఫికెట్‌కి గెజిటెడ్ అధికారి సంతకం చేసి ఇది నిజమేనని చెప్పాలి. ఎంత వేగంగా టైపు కొడతాడో ఆయన వేళ్ళకు తెలుసు. కానీ వేళ్ళ మాట చెల్లదు, సంతకం మాటే చెల్లుతుంది.

చిట్టీ, ముద్ర, గెజిటెడ్ సంతకం, ఆ తర్వాత క్యాంపస్ సెలక్షన్లో కాలేజీ పేరు. ఇన్నిటిలోనూ ఒకటే పద్ధతి: నీ గురించి ఇంకొకరు చెప్పాలి. పశ్చిమ ప్రకాశం లాంటి చోట పుట్టినవాళ్ళకు అలా చెప్పేవాళ్ళు తక్కువ. మా చిరునామాకే ఒక ఊరు కుదర్లేదు. 1858 దాకా కడప జిల్లా, తర్వాత కర్నూలు, 1970లో ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం అయింది. ప్రతిసారీ జిల్లాకు ఒక చివరే. వానలు తక్కువ, నీళ్ళు తక్కువ, హైదరాబాద్, బెంగుళూరు బస్సులు మాత్రం ఎక్కువ.

*

1991 ఆగస్టులో టిమ్ బెర్నర్స్‌లీ ప్రపంచానికి చూపించిన మొట్టమొదటి వెబ్‌సైట్‌ని ఇప్పుడు కూడా తెరిచి చూడొచ్చు. సెర్న్ ప్రయోగశాల వాళ్ళు తిరిగి పెట్టారు. బొమ్మలు లేవు, రంగులు లేవు. వెబ్ అంటే ఏమిటో వివరించే కొన్ని పేజీలు. అందులో ఒక లింకు నన్ను ఆపేసింది. ఈ ప్రాజెక్టులో పనిచేసిన మనుషుల పేర్ల జాబితా. మొదటి సైట్‌లోనే ‘ఎవరు చేశారు’ అని ఒక పేజీ పెట్టారు.

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. 1997లో నౌకరీ డాట్ కామ్ వచ్చింది, రెజ్యూమెలు ఆన్‌లైన్లోకి ఎక్కాయి. రెజ్యూమె పంపడం సులువయ్యే కొద్దీ దాని విలువ పడిపోయింది. లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాసిపెట్టడం అమీర్‌పేట చుట్టుపక్కల అందరికీ తెలిసిన వ్యాపారం. కాగితం మీద మాటను నమ్మలేని పరిస్థితి వచ్చాక ‘చేసింది చూపించు’ అనే అడుగు సహజంగానే పడింది. 2008లో గిట్‌హబ్ వచ్చింది. అదే ఏడాది చివర్లో ఎవరైనా తమ పేజీని అక్కడే ఉచితంగా పెట్టుకునే వీలు కల్పించింది. అక్కడ కోడ్‌తో పాటు ఏ రోజు ఏ మార్పు ఎవరు చేశారో కూడా పేరుతో సహా నమోదవుతుంది. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు లక్ష్మయ్య గుర్తొస్తాడు.

అంతకుముందు సొంత పేజీలు కట్టుకున్న తరం ఒకటి ఉంది. 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షలమంది తమ పేజీలు పెట్టుకున్నారు. యాహూ దాన్ని 1999లో కొని, 2009 అక్టోబరులో మూసేసింది. కొందరు ఔత్సాహికులు కాపీ చేసి దాచినవి మిగిలాయి, మిగతావి పోయాయి. తడిగుడ్డతో పలక తుడిచినట్టు తుడిచేశారు. అందుకే సొంత డొమైన్ కొనుక్కోమని, కోడ్ ఒక కాపీ తన దగ్గర ఉంచుకోమని అందరూ చెబుతారు. పలక అద్దెదైతే అక్షరాలు మనవి అయి లాభం లేదు.

*

మళ్ళీ నా సైట్ దగ్గరికి వస్తా. ఇంత చదివాక ఆ మూడు ప్రాజెక్టులు చూస్తే సిగ్గేసింది. వాటి మీద నా పేరు ఉంది, కానీ అందులో నా పని లేదు. నాన్నది పని ఉండి పేరు లేని బాధ అయితే, నాది పేరు ఉండి పని లేని బాధ. మూడూ తీసేశాను. సైట్ ఖాళీ అయింది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్న పనిచేసే యూనిట్‌లో లెక్కలు చూశాను. రంగు, సైజు, మందం వారీగా ఎన్ని చదరపు అడుగులు తయారయ్యాయి, ఎన్ని పగిలాయి అన్నది ఒక లావుపాటి పుస్తకంలో రాసేవాళ్ళు. కూలీ తయారైన సరుకు లెక్కన ఇచ్చేవాళ్ళు. నెలాఖరుకి పనివాళ్ళ లెక్కకీ పుస్తకం లెక్కకీ పొంతన కుదిరేది కాదు, ఎప్పుడూ పుస్తకమే గెలిచేది. ఫోన్లోనే లెక్క రాసుకునేలా ఒక చిన్న పేజీ చేసిస్తానని యజమానిని అడిగాను, ఒప్పుకున్నాడు. నెలన్నర పట్టింది. అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి నెట్ లేకపోయినా లెక్క ఫోన్లో నిలిచి, సిగ్నల్ వచ్చినప్పుడు ఎక్కేలా చేయాల్సి వచ్చింది. రాళ్ళ దుమ్ము పట్టిన వేళ్ళకు చిన్న బటన్లు అందవని వాటిని మూడింతలు పెద్దవి చేశాను. ఏ వీడియోలోనూ ఈ సంగతులు లేవు.

అందులో నేను ఒక కాలమ్ అదనంగా పెట్టాను: ఎవరు కోశారు. యజమాని అది అక్కర్లేదన్నాడు. “మొత్తం ఎంతయిందో తెలిస్తే చాలు గదమ్మా” అన్నాడు. నేను బతిమాలాను. పగుళ్ళు ఎక్కడ ఎక్కువ వస్తున్నాయో తెలుస్తుంది కదా అన్నాక ఊరుకున్నాడు. నేను అసలు కారణం చెప్పలేదు.

నా సైట్‌లో ఇప్పుడు ఒక్కటే ప్రాజెక్టు ఉంది. సమస్య ఏమిటి, ఏం ప్రయత్నించాను, ఏది పనిచేయలేదు, ఎందుకు మార్చాను అన్నది నాలుగు పేరాల్లో రాశాను. యూనిట్ అసలు లెక్కలు బయటపెట్టడం తప్పు కాబట్టి అంకెలు మార్చి, మార్చానని రాశాను. నమూనా పట్టికలో ‘ఎవరు కోశారు’ కింద నాన్న పేరు పెట్టొచ్చా అని అడిగాను.

“నా పేరెందుకమ్మా అందులో?” అన్నాడు. కాసేపయ్యాక తనే ఫోన్ చేశాడు. “రాస్తే ఇంటిపేరుతో సహా రాయి.”

ఉద్యోగం వచ్చింది. సైట్ చూసి ఎవరూ పిలవలేదు. మా కాలేజీ సీనియర్, గిద్దలూరు అన్న ఒకాయన తన ఆఫీసులో నా రెజ్యూమె ఇచ్చాడు, అందుకే పిలిచారు. అంటే తలుపు తీసింది ఇప్పటికీ చిట్టీయే. కానీ లోపలికి వెళ్ళాక ఇంటర్వ్యూ చేసినావిడ ఆ పేజీ తెరిచి పెట్టుకుని నలభై నిమిషాలు దాని మీదే అడిగింది. “ఈ కాలమ్ ఎందుకు పెట్టారు?” అని కూడా అడిగింది. యజమానికి చెప్పని కారణం ఆవిడకు చెప్పాను. ఆరు నెలల కాంట్రాక్టు, జీతం పెద్దదేం కాదు.

పోర్ట్‌ఫోలియో కడితే ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేను. గిద్దలూరు అన్న లేనివాళ్ళు నా గదిలోనే ఇంకా ఇద్దరున్నారు. ఇప్పుడు వాళ్ళ రెజ్యూమెలు నేను ఇస్తున్నాను. ఇచ్చే ముందు మాత్రం వాళ్ళ సైట్ తెరిచి ఒకటే అడుగుతున్నాను, ఇందులో నువ్వు కోసిన రాయి ఏది అని.

సైట్ లింక్ నాన్నకు పంపాను. ఊళ్ళో ఆయన ఫోన్లో తెరుచుకోవడానికి చాలాసేపు పట్టిందట. రాళ్ళ ఫోటోలు మరీ పెద్ద సైజులో పెట్టాను. వాటిని తగ్గించి మళ్ళీ పంపితే ఈసారి వెంటనే వచ్చిందన్నాడు. చదివావా అని అడిగా.

“ఇంగ్లీషు గదా, యాడ చదివేది. పేరు చూసుకున్నా.”

ఆ రాత్రే తెలుగు పేజీ మొదలుపెట్టాను.